గాలిలో తడి ఎంత? ఉప్పును అడుగుదాం

పోయిన రెండు నెలలుగా ఈ పేజీకి వచ్చే ప్రశ్నల్లో సగం పట్టు షెడ్డు గురించే. మన మిల్లులో షిఫ్టుకు వచ్చేవాళ్ళు చాలామంది శూలగిరి, బాగలూరు, కెలమంగలం, తళి, డెంకణికోట పక్క పల్లెలవాళ్ళే కదా. ఆయన ఇక్కడ రింగ్ ఫ్రేము దగ్గర నిలబడతాడు, ఆమె అక్కడ మల్బరీ కోసి పురుగుకు మేత వేస్తుంది. రెండు జీతాలూ కలిస్తేనే ఇల్లు నడిచేది. కాబట్టి పురుగు పంట పోయిందంటే ఒక జీతం పోయినట్టే.

ప్రశ్నలు రకరకాలుగా ఉన్నా లోపల ఉండేది ఒకటే. "షెడ్డులో మీటరు 80 చూపిస్తా ఉండాది, ఆకు మాత్రం గంటలోనే వాడిపోతా ఉండాది, ఎందుకన్నా?" అని ఒకరు. "రెండు మీటర్లు పక్కపక్కన పెడితే 18 తేడా వస్తా ఉండాది, దేన్ని నమ్మేది?" అని ఇంకొకరు. పట్టుపురుగుకు ఏ వయసులో ఎంత తేమ ఉండాలో కరపత్రాల్లో, శిక్షణల్లో అందరూ చెబుతారు. ఆ అంకెను సరిగ్గా కొలిచేది ఎట్లా అన్నది మాత్రం దాటేసి పోతారు. నేను పట్టు రైతును కాను. మిల్లులో హ్యుమిడిటీ ప్లాంటు చూసేవాణ్ణి. రెండు గంటలకొకసారి తడి అంకె, పొడి అంకె రిజిస్టరులో రాయడమే నా పని. ఆ తెలిసినదే ఇక్కడ చెబుతాను.

నూలుకూ పురుగుకూ ఈ విషయంలో పెద్ద తేడా లేదు. పత్తి దారానికి కొంచెం తేమ తగిలితే బలం పెరుగుతుంది, గాలి ఎండితే పుటుక్కున తెగుతుంది. అందుకే రింగ్ ఫ్రేముల దగ్గర 55 నుంచి 60 శాతం, మగ్గాలుండే షెడ్డులో ఇంకా ఎక్కువ, 75 పైన పెడతారు. ఇంగ్లాండు మిల్లుల్లో ఒకప్పుడు దారం తెగకూడదని నేత షెడ్లలోకి ఆవిరి వదిలేవాళ్ళు. పనివాళ్ళు తడిసి, ఉడికి, జబ్బు పడేవాళ్ళు. గొడవలు జరిగి జరిగి 1889లో అక్కడ ఒక చట్టం వచ్చింది. ఇంత వేడికి ఇంతకు మించి తేమ ఉండకూడదు, షెడ్డులో తడి-పొడి థర్మామీటర్లు పెట్టి అంకెలు రాయాలి అని. మన 1948 ఫ్యాక్టరీల చట్టంలోనూ 15వ సెక్షన్ దీని గురించే ఉండేది. గాలిలో తేమ పెంచడానికి వాడే నీళ్ళు తాగే నీళ్ళయినా అయ్యుండాలి, లేదా బాగా శుభ్రం చేసినవైనా అయ్యుండాలి అని అందులో రాశారు. షెడ్డులో మురికి నీళ్ళు చల్లే అలవాటున్నవాళ్ళు ఈ మాట గుర్తుపెట్టుకోండి. మనుషులకు పనికిరాని నీళ్ళు పురుగుకూ పనికిరావు.

ముందు ఈ 'శాతం' అంటే ఏమిటో చూద్దాం. గాలి తన వేడికి తగ్గట్టు కొంత నీటి ఆవిరిని మోస్తుంది. వేడి పెరిగే కొద్దీ ఎక్కువ మోయగలదు. ఇప్పుడున్న వేడికి అది మోయగలిగినదాంట్లో నూటికి ఎంత మోస్తూ ఉందో అదే శాతం. దీనివల్ల ఒక తమాషా జరుగుతుంది. హోసూరులో తెల్లవారి 20 డిగ్రీలప్పుడు 90 శాతం ఉందనుకోండి. ఆ గాలిలోకి ఒక్క చుక్క నీళ్ళు కలపకుండా, ఒక్క చుక్క తీయకుండా, మధ్యాహ్నానికి 32 డిగ్రీలకు వేడెక్కితే అదే గాలి 44 శాతం దగ్గర నిలుస్తుంది. నీళ్ళు ఎక్కడికీ పోలేదు, గాలి మోసే శక్తి పెరిగింది, అంతే. పొద్దున ఆరు గంటలకు ఒకసారి చూసి "బాగుంది" అనుకొని కొట్టానికి పోయేవాళ్ళు మధ్యాహ్నం రెండు గంటలకు కూడా చూడాలనేది ఇందుకే. హోసూరు ఎత్తు మీద ఉండేది, చల్లన. కృష్ణగిరి కింద ఉండేది, వేడి ఎక్కువ. హోసూరు పక్కన ఉండే అక్క చేసినట్టే కృష్ణగిరి పక్కన ఉండే చెల్లెలు చేస్తే కుదరదు. ఎవరి షెడ్డు అంకె వాళ్ళు కొలుచుకోవాల్సిందే.

పురుగుకు కావలసిన తేమ కూడా వయసుతో మారుతుంది. చాకీ దశలో, అంటే రెండో జ్వరం దాటేవరకు, 85 నుంచి 90. అది మనవాళ్ళకు పెద్దగా పట్టదు, చాకీ కేంద్రం నుంచి రెండో జ్వరం దాటిన పురుగునే తెచ్చుకుంటారు కాబట్టి. మూడో దశలో 80 దాకా, నాలుగులో 70 నుంచి 75, ఐదులో 65 నుంచి 70, గూడు అల్లేటప్పుడు 60 నుంచి 65. పురుగు నీళ్ళు తాగదు. దానికి నీళ్ళన్నీ ఆకులోనే. ఆకు వాడితే తినదు, తినకపోతే పురుగు ఒక ఈడుగా ఎదగదు. కొన్ని జ్వరానికి పడుకుంటే కొన్ని ఇంకా మేస్తూ ఉంటాయి. అట్లని పెద్ద పురుగుకు తడి ఎక్కువయితే సున్నపుకట్టు రోగం కాచుకొని ఉంటుంది. అది బూజు జాతి. దాని పొడి పురుగు తోలు మీద పడి, తేమ దొరికితే మొలకెత్తి లోపలికి దూరుతుంది. చచ్చిన పురుగు సుద్దముక్కలాగా బిగుసుకొని తెల్లగా అయిపోతుంది. కాబట్టి చిన్న పురుగుకు తక్కువ తేమ నష్టం, పెద్ద పురుగుకు ఎక్కువ తేమ నష్టం. మీటరు ఏ పక్కకు తప్పినా దెబ్బే.

ఎంత దెబ్బ తగులుతుందో చెప్పడానికి ఒక ఇంటి సంగతి రాస్తాను. వాళ్ళు రాయమన్నారు, పేరు మాత్రం వద్దన్నారు. మా సెక్షన్లో పనిచేసే తమ్ముడిది శూలగిరి పక్కన పల్లె. పోయిన కార్తీకంలో వాళ్ళింట్లో 100 లేయింగుల చాకీ తెచ్చారు. ఒక్క లేయింగు అంటే ఒక్క చిలక పెట్టే గుడ్లు, నాలుగైదు వందలు. 100 అంటే నలభై యాభై వేల పురుగు. మహిళా సంఘంలో అప్పు తీసి కట్టిన షెడ్డు. మూడు, నాలుగు దశలు బాగానే పోయాయి. ఐదో దశ మూడో రోజు డిజిటల్ మీటరు 58 చూపించింది. కాగితంలో 65 నుంచి 70 ఉండాలని రాసి ఉంది. ఆ చెల్లెలు చదువుకున్న పిల్ల, కాగితం ప్రకారమే పోయింది. గోనెపట్టలు తడిపి కిటికీలకు కట్టింది, నేల మీద నీళ్ళు చల్లింది. అత్తమ్మ మాత్రం ఒప్పుకోలేదు. "ఆకు వాడలేదు, పెంట తడిగా ఉండాది, ఇంకా నీళ్ళు ఏమిటికి పోస్తావమ్మా?" అని. "మీటరు చూడత్తా, 58 ఉండాది" అని ఈమె. రెండు రోజులు ఇంట్లో ఇదే మాట మీద మాట. తర్వాత తెల్ల పురుగులు కనబడ్డం మొదలయింది.

తమ్ముడు షిఫ్టు దిగి నా దగ్గరకొచ్చాడు. నా దగ్గర సొంతంగా ఒక చేతి థర్మామీటరు ఉంది, గిలక్కాయలాగా గిరగిరా తిప్పేది. తీసుకొని పోయాను. పొడి 24, తడి 22. అంటే 84 శాతం పైనే. గోడ మీద డబ్బా ఇంకా 59 దగ్గరే కూర్చొని ఉంది. కిటికీలు తీశాం, గోనెలు పీకేశాం, చచ్చినవాటిని ఏరి దూరంగా కాల్చాం, పడక మీద సున్నం చల్లాం. అయినా సగానికి తక్కువే చంద్రికల మీదికి ఎక్కాయి. సంఘం కంతు కట్టడానికి ఆ చెల్లెలు కమ్మలు కుదవ పెట్టింది. ఆ నెలంతా ఇంట్లో అత్తాకోడళ్ళు మాట్లాడుకోలేదని తమ్ముడు చెప్పాడు. తప్పు కోడలిది కాదు. కాగితంలో రాసినది కరెక్టే, ఆమె చేసినదీ దాని ప్రకారమే. అబద్ధం చెప్పింది ఆ డబ్బా.

ఇక కొలిచే సామాన్ల సంగతి. రెండు రకాలున్నాయి.

ఒకటి పాతది, గాజు థర్మామీటర్లు రెండు పక్కపక్కన ఉండేది. ఒకదాని బుడ్డికి తడి గుడ్డ చుట్టి ఉంటుంది. నీళ్ళు ఆరేటప్పుడు వేడిని లాక్కుంటాయి కదా, అందుకే స్నానం చేసి గాలికి నిలబడితే చలేస్తుంది. గాలి ఎండగా ఉంటే గుడ్డ బాగా ఆరి ఆ బుడ్డి చల్లబడుతుంది. గాలి తడిగా ఉంటే ఆరదు, రెండూ దగ్గర దగ్గరగా నిలుస్తాయి. పొడి 26 ఉన్నప్పుడు తేడా 2 డిగ్రీలయితే సుమారు 85 శాతం, 3 అయితే 78, 4 అయితే 71. పట్టిక దానితోనే ఇస్తారు. చూడండి, ఒక్క డిగ్రీ తేడాకు ఏడు శాతం మారిపోతుంది. అర డిగ్రీ తప్పు చదివితే మూడు నాలుగు శాతం పోయినట్టే.

ఈ సామాను మీద నాకు చాలా గౌరవం ఉంది, కానీ దాని జబ్బు ఒకటుంది. అది తప్పు చెబితే ఎప్పుడూ ఒకే పక్కకు చెబుతుంది. గుడ్డ ఎండినా, మురికి పట్టినా, గాలి కదలకపోయినా, అన్నిట్లోనూ తడి బుడ్డి చల్లబడాల్సినంత చల్లబడదు. తేడా తగ్గుతుంది. ఉన్నదానికన్నా ఎక్కువ తేమ ఉన్నట్టు చూపిస్తుంది. "మీటరు 80, ఆకు వాడిపోతా ఉండాది" అని అడిగిన అన్నకు జవాబు ఇదే. ఆయన షెడ్డుకు పోయి చూస్తే గుడ్డ గట్టిగా అట్టకట్టి ఉంది. మన పక్క బోరు నీళ్ళు ఎట్లాంటివో మీకు తెలుసు, వేడినీళ్ళ బానలో అడుగున పేరుకొనే తెల్ల పెచ్చు చూసే ఉంటారు. ఆ పెచ్చే గుడ్డలోనూ పేరుకుంటుంది, ఆపైన నీళ్ళు పైకెక్కవు. కాబట్టి ఆ చిన్న గిన్నెలో బోరు నీళ్ళు పోయకండి. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ ఒక్క బాటిల్ కొంటే నెలల తరబడి వస్తుంది. కొనేటప్పుడు బ్యాటరీ యాసిడ్ కాకుండా చూసుకోండి. గుడ్డ పాత మల్లు పంచె ముక్క, బాగా ఉతికి గంజి లేకుండా చేసినది, సరిపోతుంది. పదిహేను రోజులకొకసారి మార్చండి. చదివే ముందు రెండు మూడు నిమిషాలు విసనకర్రతో దాని మీద గాలి విసరండి. మిల్లులో తిప్పే థర్మామీటరును తిప్పేది ఈ గాలి కోసమే. అంకె దిగడం ఆగిన తర్వాత ముందు తడిది చదవాలి, తర్వాత పొడిది. మొహం దగ్గర పెట్టుకొని ఊపిరి తగిలించకూడదు.

కొత్తది కొన్నప్పుడు ఇంకొక పని చేయండి. గుడ్డ తీసేసి రెండు బుడ్లనూ అరగంట పొడిగా వదిలి చూడండి. రెండూ ఒకే అంకె చూపించాలి. ఒకటి 25, ఒకటి 26 చూపిస్తే ఆ తేడా కాగితం మీద రాసి అక్కడే అతికించండి, లేదా వెంటనే అంగడికి తిరిగి ఇచ్చేయండి.

రెండో రకం ఈ డిజిటల్ డబ్బా. చవక, సులభం, దీపం లేకపోయినా కనబడుతుంది. కానీ లోపలుండే చిన్న బిళ్ళ సున్నితమైనది. చవక రకాల్లో కొత్తలోనే ఐదు శాతం అటూ ఇటూ ఉంటుంది. రోజుల తరబడి బాగా తడి గాలిలో ఉంటే దారి తప్పుతుంది. మందుల ఆవిరి పట్టినా తప్పుతుంది. పంటకు పంటకు మధ్య షెడ్డు కడిగి ఫార్మలిన్, బ్లీచింగ్ పౌడరు కొడతారు కదా, అప్పుడు డబ్బాను తీసి ఇంట్లో పెట్టుకోండి. ఆ తమ్ముడింట్లో మందు కొట్టిన రెండుసార్లూ అది గోడకే వేలాడుతా ఉండిందట. అదే దాన్ని చెడగొట్టిందని నా అనుమానం.

దాన్ని పరీక్ష చేయడానికి వంటింటి ఉప్పు చాలు. ఉప్పు బాగా తడిసి ఉన్నచోట, మూత గట్టిగా పెట్టిన డబ్బాలో, గాలి తేమ 75 శాతం దగ్గర నిలిచిపోతుంది. ఎక్కువయితే ఉప్పు లాక్కుంటుంది, తక్కువయితే వదులుతుంది. వేడి 20 ఉన్నా 30 ఉన్నా అంకె దాదాపు మారదు. లాబుల్లో కూడా మీటర్లను ఇట్లాంటి ఉప్పులతోనే సరిచూస్తారు. వానాకాలంలో ఉప్పు జాడీ చెమ్మగిల్లేది కూడా ఈ లెక్క ప్రకారమే. ఇందుకు పాకెట్ ఉప్పే వాడండి, కల్లుప్పు వద్దు. కల్లుప్పులో మెగ్నీషియం కలిసి ఉంటుంది, అది ఇంకా తక్కువ తేమకే నీరు కారుతుంది, అంకె చెడుతుంది.

చేసే పద్ధతి సులభం. సోడా సీసా మూతలో ఉప్పు నిండుగా తీసుకోండి. చుక్కలు చుక్కలుగా నీళ్ళు పోయండి. తడి ఇసుకలాగా అవ్వాలి, కరిగిపోయి నీళ్ళు తేలకూడదు. తేలితే ఇంకొంచెం ఉప్పు వేయండి. ఆ మూతనూ మీటరునూ ఒక జిప్ కవర్లోనో, పైనుంచి కనబడే ప్లాస్టిక్ డబ్బాలోనో పెట్టి గట్టిగా మూసేయండి. ఉప్పు మీటరుకు తగలకూడదు. ఎండ తగలని, పొయ్యికి దూరంగా ఉండే చోట రాత్రంతా వదిలేయండి. పొద్దున తెరవకుండా బయటనుంచే చదవండి. 75 చూపిస్తే మంచిది. 81 చూపిస్తే ఆరు ఎక్కువ చెబుతూ ఉన్నట్టు, షెడ్డులో చూసే ప్రతి అంకెలోనుంచి ఆరు తీసేయండి. 70 చూపిస్తే ఐదు కలపండి. వెనకాల ప్లాస్టరు అంటించి దాని మీద పెన్నుతో రాసి పెట్టుకోండి, ఇంట్లో ఎవరు చదివినా తెలుస్తుంది. ప్రతి పంటకు ముందు ఒకసారి చేయాలి. ఈ సవరణ 65, 85 మధ్యలో బాగా పనికొస్తుంది. 90 పైన మాత్రం చవక డబ్బా మాట ఏ సవరణ చేసినా నమ్మలేం. ఆ తమ్ముడింటి డబ్బా ఉప్పు దగ్గర 52 చూపించింది. 23 తప్పు. అంత తప్పు చెప్పేదాన్ని సరిచేసి వాడే పని లేదు, పారేయడమే.

ఇదే ఉప్పు పరీక్షను బయటి దేశాల్లో ఇంకెవరు చేస్తారో తెలిస్తే నవ్వుతారు. ఖాళీ శంఖంలో దూరి బతికే పీత ఉంటుంది చూడండి, సముద్రపు ఒడ్డున చూసే ఉంటారు, దాన్ని అద్దాల తొట్టిలో ముద్దుగా పెంచుకొనేవాళ్ళు. ఆ పీత నేల మీద తిరిగినా దానికుండేది మొప్పలే. మొప్పలు తడిగా ఉంటేనే ఊపిరాడేది. తొట్టిలో గాలి ఎండితే అది ఊపిరాడక చస్తుంది. వాళ్ళకూ మనలాగే చవక మీటర్లే, మనలాగే తగాదాలే. ఇంకా వెనక్కి పోతే, 1783 ప్రాంతంలో జెనీవాలో సోస్యూర్ అనే ఆయన మనిషి వెంట్రుకతో తేమ కొలిచే సామాను చేశాడు. తేమ తగిలితే వెంట్రుక సాగుతుంది, ఎండితే కురచ అవుతుంది. వానపొద్దున జడ చెప్పిన మాట వినదని మన ఆడవాళ్ళకు ఎప్పుడో తెలుసు. ఆయన దానికి ముల్లు తగిలించాడు.

మీటరు ఎంత మంచిదైనా పెట్టే చోటు సరిగ్గా లేకపోతే పనికిరాదు. చాలామంది తలుపు పక్కన మేకుకు తగిలిస్తారు, వచ్చినప్పుడు కనబడుతుందని. అక్కడ బయటి గాలి అంకె తెలుస్తుంది. కొందరు తడి గోనె పక్కన పెడతారు, అక్కడ గోనె అంకె తెలుస్తుంది. పురుగు ఉండే పడక ఎత్తులో, షెడ్డు మధ్యలో, గోడకు తగలకుండా వేలాడదీయండి. అరలు నాలుగుంటే కింద అరలో ఒక రోజు, పైఅరలో ఒక రోజు పెట్టి చూడండి. తేడా మీకే తెలుస్తుంది. ఐదో దశలో ఇది ఇంకా ముఖ్యం. పురుగు బతుకంతా తినే ఆకులో నూటికి ఎనభై పైన ఆ దశలోనే తింటుంది. అంత ఆకు, అంత పెంట, అన్ని వేల పురుగుల ఊపిరి, అంతా పడకలోనే. గోడ దగ్గర 68 ఉన్నా పడక మీద 78 ఉండొచ్చు. అత్తమ్మ పెంట తడిని చేత్తో పట్టి చూసి చెప్పిన మాటలో ఉన్నది ఇదే. ఆమె చేతిని కూడా ఒక మీటరు కింద లెక్క వేసుకోండి. ఆమె మాట, అంకె కలవనప్పుడు నీళ్ళు చల్లేది ఆపి ఉప్పు పరీక్ష చేయండి.

జ్వరానికి పడుకున్నప్పుడు పడక పొడిగా ఉండాలి, సున్నం చల్లేది అందుకే. ఆ రోజుల్లో తడి గోనె తీసేసి కిటికీ తీయండి. అనుమానం వచ్చినవాళ్ళు పట్టు శాఖ ఆఫీసులో అడగండి, చెబుతారు. మల్బరీ రకాల్నీ, పట్టుపురుగు జాతుల్నీ కాపాడి పెట్టే కేంద్ర పట్టు మండలి సంస్థ కూడా మన హోసూరులోనే ఉంది. ఆ వంగడాలన్నీ దాటాల్సింది ఈ తేమ లెక్కనే.

ఆ తమ్ముడింట్లో మాఘంలో మళ్ళీ చాకీ దించారు, ఈసారి 75 లేయింగులే. గాజు థర్మామీటరు కొన్నారు, డిజిటల్ కూడా కొత్తది ఒకటి. పొద్దున ఆరుకు కోడలు, మధ్యాహ్నం రెండుకు అత్తమ్మ, రాత్రి తొమ్మిదికి షిఫ్టు లేనప్పుడు ఆయన. ముగ్గురూ ఒకే నోటుబుక్కులో రాస్తున్నారు. అత్తమ్మకు అంకెలు రాయడం రాదు, మనవరాలు రాసిపెడుతుంది. నేను చూసినప్పుడు నాలుగో జ్వరం దాటి మేస్తూ ఉన్నాయి.

వచ్చే ఆదివారం పొద్దున పదిగంటలకు మన చదువుల గదిలో ఉంటాను. మీటర్లున్నవాళ్ళు తీసుకొని రండి. నా తిప్పే థర్మామీటరు తెస్తాను, పక్కపక్కన పెట్టి చూద్దాం. ఉప్పు పరీక్ష శనివారం రాత్రే ఇంట్లో చేసి, పొద్దున చూపించిన అంకె కాగితం మీద రాసుకొని వస్తే ఇద్దరికీ టైము మిగులుతుంది. జిప్ కవరు దొరకనివాళ్ళు మూత బిగువుగా ఉండే అప్పడాల డబ్బా వాడుకోవచ్చు, కానీ పైనుంచి కనబడేదయ్యుండాలి.